పాత మిల్లింగ్ మెషిన్ కొనచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి

మాది తిరుపతి. ఇంటి వెనక రేకుల షెడ్డులో చిన్న లేత్ పెట్టుకుని, సెలవు రోజుల్లో ఏదో ఒకటి చేసుకుంటుంటాను. కీవే (షాఫ్టు మీద పుల్లీ జారకుండా పెట్టే కీ కోసం గాడి) కొట్టాలన్నా, ఒక ముక్క చదరంగా తీయాలన్నా రేణిగుంట దాకా పోవాల్సొస్తోంది. అందుకే తిరిగే కట్టర్‌తో లోహాన్ని చెక్కే మిల్లింగ్ మెషిన్ మీద మనసు పడింది.

మొన్న చెన్నై అంబత్తూరులో ఒక టర్రెట్ మిల్ (తల భాగాన్ని అటూ ఇటూ తిప్పుకోగల మిల్లింగ్ మెషిన్) చూశాను. బరువు టన్ను దాకా ఉంటుందన్నారు. రంగు మాత్రం పెళ్లికూతురికి వేసినట్టు కొత్తగా వేశారు, నా అనుమానం అక్కడే మొదలైంది. ఎక్స్ హ్యాండిల్ (టేబుల్‌ను ఎడమకీ కుడికీ జరిపేది) వెనక్కి తిప్పితే దాదాపు పావు చుట్టు తిరిగాకగానీ టేబుల్ కదల్లేదు. టేబుల్‌ను జరిపే స్క్రూ మీది నట్టు బిగిస్తే ఆ వదులు పోతుందన్నాడు అమ్మేవాయన. కానీ టేబుల్ మధ్యలో ఉన్నప్పుడు వదులుగా, చివరలకు వెళ్తే బిగుతుగా తిరుగుతోంది. అంటే స్క్రూ మధ్యలోనే అరిగినట్టు కదా? అలాంటప్పుడు నట్టు బిగిస్తే చివర్లో పట్టేయదా? స్క్రూ, నట్టు కొత్తవి చేయించడానికి ఎంతవుతుంది?

రెండోది కరెంటు. ఇంట్లో సింగిల్ ఫేజే. మోటార్ మాత్రం త్రీ ఫేజ్, 2 హెచ్‌పీ, 415 వోల్టుల స్టార్ కనెక్షన్ (లోపలి మూడు వైండింగులను కలిపే ఒక పద్ధతి). ఆరు వైర్లూ బయటికి ఉన్నాయి కాబట్టి డెల్టాకు (అదే మోటార్ తక్కువ వోల్టేజీతో నడిచే కనెక్షన్) మార్చి, 230 వోల్టుల వీఎఫ్‌డీతో (సింగిల్ ఫేజ్‌ను త్రీ ఫేజ్ చేసి, మోటార్ స్పీడు కూడా మార్చే పెట్టె) నడపచ్చనుకుంటున్నా. ఇలా నడుపుతున్నవాళ్లు ఉన్నారా? తక్కువ స్పీడులో మోటార్ వేడెక్కుతుందా?

ఈసారి డయల్ గేజ్ (సన్నని తేడాలను ముల్లుతో చూపే కొలత సాధనం) తీసుకెళ్తాను. స్పిండిల్ (కట్టర్‌ను తిప్పే ఇరుసు) కాక ఇంకేం చూడమంటారు? ఆదివారం లోపు చెప్తే మేలు, అడ్వాన్స్ ఇమ్మని ఆయన రోజూ ఫోన్ చేస్తున్నాడు.