పాల క్యాన్ మూతకు అతుక్కుపోయిన రబ్బరు: గోకాలా, నానబెట్టాలా?

పాకాల పిల్లోడు
మా నాయన పాలు పోసిన 40 లీటర్ల అల్యూమినియం క్యాన్‌ను అటక మీద నుంచి దింపినాను. మూత లోపలి రబ్బరు రింగు జారకుండా ఎప్పుడో పంక్చర్ సొల్యూషన్‌తో అంటించారు. సగం చిట్లి రాలిపోయింది, మిగతాది పెనానికి మాడిన అట్టులా పట్టుకుని ఉంది. గోరుకు రాదు, చాకు పెడితే గీత పడుతోంది. ఏం చేయాలి?

రేణిగుంట వర్క్‌షాప్
కాస్టిక్ సోడా నీళ్లలో 20 నిమిషాలు వెయ్యి సామీ. అదే వస్తుంది.

కెమిస్ట్రీ అక్క
వద్దు! కాస్టిక్ సోడా అల్యూమినియాన్నే తింటుంది. పైకొచ్చే బుడగలు హైడ్రోజన్, మురికి పోతోందనడానికి గుర్తు కాదు. మూత మసిబారి, గరుకెక్కుతుంది. క్యాన్లు కడిగే సోడా మందుల్లో కూడా లోహం దెబ్బతినకుండా సిలికేట్ కలుపుతారు.
హెయిర్ డ్రయర్‌తో వేడి చేయండి, గమ్ మెత్తబడగానే వెదురు బద్దతో తోయండి. మొండికేసిన చోట, మూత పూర్తిగా చల్లారాక, కిరోసిన్‌లో తడిపిన గుడ్డ రాత్రంతా కప్పి ఉంచండి. పొయ్యి దగ్గర మాత్రం పెట్టకండి.

రేణిగుంట వర్క్‌షాప్
కిరోసిన్‌లో రబ్బరు కరగదు మేడమ్. 22 ఏళ్లుగా ఇదే పని నాది.

కెమిస్ట్రీ అక్క
కరుగుతుందని నేనెక్కడ అన్నాను? గంధకం కలిపి ఉడికించిన రబ్బరు దేంట్లోనూ చక్కెరలా కరగదు. ఉబ్బుతుంది. ఉబ్బితే పట్టు వదులుతుంది. కింద ఉన్న సొల్యూషన్ మెత్తబడుతుంది.

రేణిగుంట వర్క్‌షాప్
కరగదని మీరే ఒప్పుకున్నారు కదా.

అలిపిరి మెట్లు
ఇత్తడైతే చింతపండు.

కెమిస్ట్రీ అక్క
ఇది అల్యూమినియం.

అలిపిరి మెట్లు
తెలుసు. ఇత్తడైతే అన్నాను.

గోల్డ్ కవరింగ్
గంధకం అన్నారు కాబట్టి అడుగుతున్నా. వెండి కుంకుమ భరిణెకు రబ్బరు బ్యాండు వేసి బీరువాలో పెడితే బ్యాండు ఉన్నంత మేర నల్లటి గీత పడింది. మా తోడికోడలు నేనే పాడు చేశానంటుంది.

కెమిస్ట్రీ అక్క
రబ్బరులోని గంధకమే. మీ తప్పు కాదని చెప్పండి.

కొత్తపేట కుర్రోడు
కిరోసిన్ ఎక్కడ దొరుకుతుంది ఇప్పుడు? నెయిల్ పాలిష్ రిమూవర్ సరిపోదా?

కెమిస్ట్రీ అక్క
అందులో ఉండేది అసిటోన్. సూపర్ గ్లూకి పనిచేస్తుంది, పంక్చర్ సొల్యూషన్‌కి పెద్దగా చేయదు. పెయింట్ షాపులో టర్పెంటైన్ అడగండి.

రేణిగుంట వర్క్‌షాప్
ఇంట్లో కూర్చుని రాసేవాళ్లకు అన్నీ తెలుసు.

కెమిస్ట్రీ అక్క
అన్నా, ఎందుకు చెబుతున్నానో వినండి. నిరుడు తిరుపతిలో ఒక షాపులో మా అమ్మ ఇడ్లీ పాత్ర ఇచ్చాను, స్టిక్కర్ జిగురు తీయమని. సోడాలో ముంచి ఇచ్చారు. జిగురు పోయింది, పాత్ర చేత్తో తడిమితే గరుకు కాగితంలా ఉంది. అడిగితే 'పాతదే కదమ్మా' అన్నారు.

రేణిగుంట వర్క్‌షాప్
ఆ షాపు నాది కాదు, నా మీద అరవకండి. నాకు మూతకు 30 రూపాయలిస్తారు. మీరు చెప్పినట్టు రాత్రంతా నానబెట్టి, పొద్దున గంటసేపు బద్దతో తోస్తూ కూర్చుంటే ఆ గంట కూలి ఎవరిస్తారు? సోడా లోహాన్ని తింటుందని నాకు తెలియదా? నా చేతి వేళ్లు చూస్తే మీకే తెలుస్తుంది.

కెమిస్ట్రీ అక్క
తెలిసీ వేస్తున్నారన్నమాట! అయితే ముందే చెప్పండి: తొందరగా కావాలంటే మూత దెబ్బతింటుంది, నిదానంగా అయితే ఇంత అవుతుంది అని. నా గొడవంతా అదే.

రేణిగుంట వర్క్‌షాప్
చెబితే పక్క షాపుకి పోతారు.

పాకాల పిల్లోడు
అక్కా, అన్నా, ఆగండి. నేను షాపుకి ఇవ్వను. మళ్లీ పాలు కూడా పోయను, వాసన వచ్చినా పర్లేదు. క్యాన్ భుజం మీద నాయన ఎర్ర పెయింట్‌తో రాసిన నంబరు ఉంది, అది పోకూడదు.

కెమిస్ట్రీ అక్క
టర్పెంటైన్ పెయింట్‌నూ లాగుతుంది. మూత విడిగా తీసుకెళ్లి చేయండి, క్యాన్‌ను అసలు ముట్టుకోకండి.

రేణిగుంట వర్క్‌షాప్
వెదురు బద్ద కొన అరిగిపోతే కత్తిరించుకో. లేకుంటే మళ్లీ చాకు పట్టుకుంటావు.

పాకాల పిల్లోడు (ఆదివారం)
రెండు రాత్రులు నానబెట్టాను. ముక్కలు ముక్కలుగా వచ్చింది, బబుల్‌గమ్ లాగా. అంచు మడత లోపల అంగుళం మేర ఇంకా ఉంది. నంబరు బాగానే ఉంది.

అలిపిరి మెట్లు
అంచుకు ఇత్తడి ఉందా?