‘పిట్ట పోరు పిల్లి తీర్చింది’: తీర్చినది దేనిని?

ప్రశ్న (నల్లగొండ సభ్యురాలు)

డిగ్రీ విద్యార్థులకు అంతర్జాతీయ రాజకీయాలు బోధించేటప్పుడు, ఒక దేశపు అంతర్యుద్ధంలోకి పరాయి సైన్యం దిగిన ప్రతి సందర్భానికీ ‘పిట్ట పోరు పిల్లి తీర్చింది’ అన్న సామెతను వాడుతూ వచ్చాను. మొన్న ఒక విద్యార్థి, పిట్టలే పిల్లిని పిలిచాయా, పిల్లే తనంతట వచ్చిందా అని అడిగాడు. సామెతలో దానికి జవాబు ఉన్నదా? పెద్దలు వివరించగలరు.

జవాబు (మహబూబ్‌నగర్ సభ్యుడు)

మేడం, సామెత ఆ సంగతి చెప్పదు. పిల్లి ఎట్లా వచ్చిందో వదిలేసి, వచ్చి ఏం చేసిందో మాత్రమే చెబుతుంది. దాని వ్యంగ్యమంతా ‘తీర్చు’ అనే క్రియలో ఉన్నది. తగువు తీర్చడానికీ, ఆకలి తీర్చుకోవడానికీ, అప్పు తీర్చడానికీ మనకు ఒకటే మాట కాబట్టి, తగువు తీర్చడానికి కూర్చున్నది ఆకలి తీర్చుకొని లేచిందని విడమరచి చెప్పనవసరం లేకుండా పోయింది. మన దిక్కు పంచాయితీని ‘తెంపుతారు’; ఆ మాట పెడితే వ్యంగ్యంలో సగం పోతుంది.

మీ విద్యార్థి ప్రశ్నకు సామెతలో కాక మన చరిత్రలోనే జవాబు దొరుకుతుంది. 1748లో మొదటి నిజాం మరణించగానే కొడుకు నాసిర్ జంగ్, కూతురి కొడుకు ముజఫర్ జంగ్ గద్దె కోసం తలపడ్డారు. ఒకరు ఇంగ్లీషువారిని, మరొకరు ఫ్రెంచివారిని తోడు తెచ్చుకున్నారు. అయితే 1750 డిసెంబరులో నాసిర్ జంగ్‌ను చంపినది ఫ్రెంచి సిపాయి కాదు, ఆయన వెంట నడిచిన నవాబులలో ఒకడైన కడప నవాబు. ముజఫర్ జంగ్ గెలిచి రెండు నెలలైనా గడిచీ గడవకముందే, చేసిన సాయానికి తగినంత ముట్టలేదని అలిగిన ఆ నవాబులతోనే పోరాడుతూ చనిపోయాడు. అప్పుడు ఫ్రెంచి సేనాని బుస్సీ సలాబత్ జంగ్‌ను గద్దెనెక్కించాడు. ఆ సేన జీతాల కిందనే 1753లో కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కార్ల (జిల్లాల వంటి విభాగాల) రాబడి ఫ్రెంచివారికి దఖలు పడింది. ఇందులో పిల్లి ఆకలి ఎంత నిజమో, పిట్టల లెక్కలూ అంతే నిజం.

అప్పు సంగతి ఆ తరువాతిది. 1795లో ఖర్దా వద్ద మరాఠాల చేతిలో ఓడిన నిజాం అలీఖాన్, 1798లో ఫ్రెంచి దళాన్ని రద్దుచేసి, ఇంగ్లీషు కంపెనీ సైన్యాన్ని తన ఖర్చుతో పోషించడానికి ఒప్పుకున్నాడు. ఆ ఖర్చుకు బదులుగా 1800లో బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలు కంపెనీకి వెళ్ళాయి. ఇంకా తరువాత, నిజాం ఖర్చుతో ఇంగ్లీషు అధికారుల కింద ఏర్పడిన హైదరాబాద్ కంటింజెంట్ అనే సేన జీతాల బాకీ పేరుకుపోగా, 1853లో బీరారు ప్రాంతాన్ని కంపెనీకి అప్పగించవలసి వచ్చింది. కాపలాకు పెట్టుకున్న సైన్యం జీతం ఎవరి చేతిలో ఉంటే రాజ్యపు రక్షణ కూడా వారి చేతిలోకే పోతుందని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు. (1798 ఒప్పందపు కంపెనీ సైన్యం కోసం వెలసిన ఊరికి అప్పటి నిజాం సికిందర్ జా పేరు మీదనే సికింద్రాబాద్ అని పేరు పెట్టడం కొసమెరుపు.)

అభ్యంతరం (దేవరకొండ సభ్యుడు)

సార్, పిట్టలకూ లెక్కలుంటాయన్నది సరే. కానీ పిల్లి ప్రతిసారీ తిని లేస్తుందా? పశ్చిమాఫ్రికాలోని సియెర్రా లియోన్‌లో తిరుగుబాటుదారులు మళ్ళీ రాజధాని మీదికి వస్తున్నప్పుడు, 2000 మే నెలలో బ్రిటిష్ సేన దిగింది. 2002 జనవరికి యుద్ధం ముగిసినట్టు ప్రకటించారు. అక్కడ ఈ సామెత అతకదు కదా.

జవాబు (మహబూబ్‌నగర్ సభ్యుడు)

అతకదు, ఒప్పుకుంటాను. అయితే అక్కడ దిగినది బ్రిటిష్ సేన ఒక్కటే కాదు. పెద్దయెత్తున ఐక్యరాజ్యసమితి సైన్యం ఉన్నది, అన్నిటికంటే ముఖ్యంగా స్థానిక ప్రభుత్వమూ, వచ్చినవారూ కోరుకున్నది ఒకటే. ఆ కోరిక వేరైన చోట ఏమవుతుందో శ్రీలంక చూపిస్తుంది.

1987 జులై 29న మన ప్రధాని రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు చేశారు. భారత శాంతి సేన ఉత్తర, తూర్పు ప్రాంతాలకు వెళ్ళింది. అంతకుముందు తమిళ సాయుధ బృందాలకు శిక్షణ ఇచ్చినది మన దేశమే. జయవర్ధనేకు మాత్రం, ఉత్తరాన భారత సేన ఉంటే తన సైన్యాన్ని దక్షిణాన సింహళ వామపక్ష పార్టీ జేవీపీ తిరుగుబాటు మీదికి మళ్ళించవచ్చునన్న లెక్క ఉన్నది. అక్టోబరు నాటికి శాంతి సేనకూ, ఆ తమిళ బృందాలలో ఒకటైన ఎల్టీటీఈకీ మధ్యనే యుద్ధం మొదలైంది. 1989లో అధ్యక్షుడైన ప్రేమదాస ఎల్టీటీఈతో మాటలు కలిపి, భారత సేన మీద పోరాడడానికి వారికి ఆయుధాలు కూడా అందించాడు. వెయ్యికి పైగా సైనికులను పోగొట్టుకొని మన సేన 1990 మార్చిలో వెనుదిరిగింది. జూన్ వచ్చేసరికి ఆ రెండు పక్షాలే మళ్ళీ కత్తులు దూసుకున్నాయి. పిట్టలు రెండూ ఒక్కటై పిల్లిని సాగనంపి, తమ పోరు మళ్ళీ మొదలుపెట్టుకున్న ఈ కథకు సామెతలో చోటు లేదు.

పశ్చిమాఫ్రికా దేశమైన మాలిలో కూడా ఇటువంటిదే జరిగింది. 2013 జనవరిలో ఉత్తరాన సాయుధ తిరుగుబాటుదారులను ఆపడానికి ప్రభుత్వమే పిలిస్తే ఫ్రాన్స్ సేన వెళ్ళింది. 2020లోనూ 2021లోనూ తిరుగుబాట్లు చేసి గద్దెనెక్కిన సైనికాధికారులు రష్యాకు చెందిన వాగ్నర్ అనే కిరాయి సేన మనుషులను తెచ్చుకున్నారు. 2022 ఆగస్టులో ఫ్రాన్స్ సేన, 2023 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సేన ఖాళీ చేశాయి. ఉత్తర గ్రామాల మనిషికి కాపలాదారు మారాడే తప్ప కాపలా కుదరలేదు.

దేవరకొండ సభ్యుడు

నల్లగొండ వారికి ఇది కొత్త కాదు సార్. 1948 సెప్టెంబరులో వచ్చిన భారత సైన్యాన్ని పరాయిది అనలేము. రజాకార్ల పీడ వదిలించినది ఆ సైన్యమే. కానీ తెలంగాణ రైతుల సాయుధ పోరాట కాలంలో ఊళ్ళు విడిచిపోయిన దేశ్‌ముఖ్‌లు (పెద్ద భూస్వాములు) ఆ సైన్యం వెనుకనే తిరిగివచ్చి, రైతులు పంచుకున్న భూములను మళ్ళీ అడిగారు. సాయుధ పోరాటం 1951 దాకా సాగడానికి అది ఒక కారణం.

నల్లగొండ సభ్యురాలు

ఇద్దరికీ ధన్యవాదాలు. సామెతను మానను గానీ, ఇకమీదట దాని వెంట మూడు ప్రశ్నలు ఇస్తాను: పిలిచింది ఎవరు, జీతం ఇచ్చేది ఎవరు, ‘తీర్చింది’ అన్న క్రియకు కర్మ ఏది. చివరిదానికి మార్కులు ఎక్కువ.