గోధుమ సంకర గింజలో తల్లి బ్యాండ్లే ముదురుగా ఎందుకు?

ప్రశ్న (హనుమకొండ, వ్యవసాయ విద్యార్థి): రెండు గోధుమ రకాలను సంకరపరచి, ఆ గింజల్లోని గోధుమ ప్రోటీనైన గ్లూటెనిన్‌ను జెల్‌పై (ప్రోటీన్లను పరిమాణాన్ని బట్టి విడదీసే పలక) పరీక్షిస్తే ఇద్దరు జనకుల బ్యాండ్లూ (ప్రోటీన్ గీతలు) కనిపించాయి, కానీ తల్లివే ముదురుగా ఉన్నాయి. ఇది మాతృ వారసత్వమేనాండి (తల్లి నుంచి మాత్రమే వచ్చే లక్షణమా)?

జవాబు 1: కాదండి. అధిక అణుభార గ్లూటెనిన్ జన్యువులు 1ఎ, 1బి, 1డి క్రోమోజోముల పొడవు భుజాలపై ఉండి సహబహిర్గతత్వం చూపుతాయి, అంటే ఇద్దరు జనకుల రూపాలూ కనిపిస్తాయి. అయితే అంకురచ్ఛదం (గింజలో ఈ ప్రోటీన్ నిల్వ ఉండే పిండి భాగం) త్రయస్థితికం (మూడు జన్యు ప్రతులు గలది) కనుక అందులో తల్లి జన్యువులు రెండు వంతులు, తండ్రివి ఒక వంతు ఉంటాయి. మన తెల్ల మక్కకు పసుపు మక్క పుప్పొడి తగిలితే గింజ లేత పసుపుగా మారడమూ ఇలాంటిదే.

జవాబు 2: తల్లిదండ్రులను తారుమారు చేసి మళ్లీ సంకరపరచండి, ముదురుదనం కూడా తారుమారైతే అది మోతాదు (జన్యు ప్రతుల సంఖ్య) ప్రభావమే. గింజను కోసి, పిండం (మొలకెత్తే భాగం) లేని సగాన్ని జెల్‌కు వాడి, పిండమున్న సగాన్ని విత్తుకోవచ్చు.

జవాబు 3: గ్లయడిన్లలో (గోధుమలోని మరో ప్రోటీన్ల వర్గం) మాత్రం ఒక్కో బ్యాండునూ ఒక్కో జన్యువుగా లెక్కించకండి, అవి గుంపులుగానే సంక్రమిస్తాయి.