సింగ్ నగర్‌లో నాలుగు రోజులు చేసిన సేవ చూసుకుని కెరీర్ మార్చుకోవచ్చా?

గుంటూరు సివిల్ (ప్రశ్న):
2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరదప్పుడు మా కాలేజీ నుంచి ఇరవై మందిమి బెజవాడ వెళ్లాం. సింగ్ నగర్ ఫ్లైఓవర్ దగ్గర ట్రాక్టర్లెక్కి, నడుం లోతు నీళ్లలో పులిహోర పొట్లాలు, పాలు, మంచినీళ్లు పంచాం. నీళ్లు తగ్గిన వీధుల్లో బురద ఎత్తిపోశాం. నాది సివిల్ ఫైనలియర్. సాఫ్ట్‌వేర్ ఆఫర్ చేతిలో ఉంది, కానీ వచ్చిన దగ్గర్నుంచి మనసు దాని మీద లేదు. గేట్ రాసి వాటర్ రిసోర్సెస్‌లో ఎంటెక్ చేద్దామనుకుంటున్నాను. నాన్నేమో "నాలుగు రోజుల ఆవేశానికి ఉద్యోగం వదులుకుంటావా?" అంటున్నారు. మీరేమంటారు?

తెనాలి రావు:
మీ నాన్నగారి మాటే నాదీ. ముందు ఉద్యోగంలో చేరి, చదువు లోన్ ఏమైనా ఉంటే తీర్చు బాబూ. సేవ సెలవుల్లో కూడా చేయొచ్చు.

పాయకాపురం అక్క:
మా ఇల్లు గ్రౌండ్ ఫ్లోరే. తమ్ముడూ, మీరు పంచిన పాల ప్యాకెట్ మా ఇంటికీ వచ్చి ఉండొచ్చు. ఆ రుణం మర్చిపోను. కానీ మీరు చూసింది మొదటి వారమే. అప్పుడు ఎవరేమిచ్చినా చేతులెత్తి దణ్ణం పెట్టాం. అసలు కష్టం మీరంతా వెళ్లిపోయాక మొదలైంది. ఫ్రిజ్, కుట్టుమిషన్, పరుపులు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ బురదే. గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకు 25,000, పై అంతస్తులకు 10,000 అని ప్రభుత్వం ప్రకటించింది. జాబితాలో మా పేరు లేదు. ఆధార్ జిరాక్సులు పట్టుకుని ఐదుసార్లు తిరిగాను. ఆ లైన్లో నా ముందు నిలబడిన ముసలావిడకి అప్లికేషన్ రాసిపెట్టేవాళ్లు కూడా లేరు. సేవకొచ్చిన పిల్లలు అప్పటికి పరీక్షల్లో పడ్డారు. తప్పని అనను, వాళ్ల చదువు వాళ్లది.

నిన్ను ఆపాలని చెప్పడం లేదు. ఒక్కటే అడుగుతాను. ఆ నీళ్లు మా వీధికి ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పగలవా? అది తెలుసుకోకుండా మా ఏడుపు ఒక్కటే గుర్తుపెట్టుకుని ఎంటెక్‌లో చేరితే, రెండేళ్లకి ఆ ఏడుపూ మర్చిపోతావు.

విశాఖ ఏఈ:
అక్క మాటతో సగమే ఏకీభవిస్తాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నేను ఇంటర్. రాజమండ్రి నుంచి విశాఖ వెళ్లి రోడ్ల మీద పడిన చెట్లు తొలగించాం. వేరే జిల్లాల నుంచి వచ్చిన కరెంటు సిబ్బంది వానలో స్తంభాలు నిలబెట్టడం అక్కడే చూశాను. తీగల గురించి అప్పుడు నాకేం తెలుసు? తెలిసినవాళ్లను చూశాను, అంతే. ఈరోజు అదే పనిలో ఉన్నాను. కారణాలు తర్వాత నేర్చుకోవచ్చు. ముందు మనసు కదలాలి కదా.

తెనాలి రావు:
మీకు కుదిరింది. కుదరనివాళ్లు ఇక్కడికొచ్చి రాయరు. అదీ చూడండి.

గుంటూరు సివిల్:
అక్కా, మీరు అడిగాక పోయిన ఆదివారం బుడమేరు నీళ్లను మళ్లించే వెలగలేరు రెగ్యులేటర్ దగ్గరికి వెళ్లొచ్చాను. మైలవరం వైపు కొండల్లో పడిన వాన బుడమేరులోకి వస్తుంది. అక్కడి నుంచి డైవర్షన్ కాలువలో ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలవాలి. ఆ రోజుల్లో కృష్ణే నిండుగా ఉంది. బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చాయి. కాలువ నీళ్లు అందులోకి దిగలేవు. కాలువ ఎడమ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి, ఆ నీళ్లు కొల్లేరుకు వెళ్లే పాత దారిన మీ వీధుల్లోకి వచ్చాయి. నాలుగు రోజులు ఆ నీళ్లలో తిరిగి కూడా ఇదంతా కృష్ణ వరదే అనుకున్నాను. సివిల్ చదువుతూ.

గేట్ రాస్తాను. ఆఫర్ మాత్రం ఇప్పుడే వదలను, ఆ మేరకు నాన్న మాట వింటాను. జాబితా పని ఇంకా తేలకపోతే ఈ ఆదివారం మీ వీధికి వస్తాను. ముసలావిడ కాగితాలు కూడా తెప్పించి ఉంచండి.