డిఫెన్స్‌లో పిల్లలకు ముందు ఏది నేర్పాలి: వ్యూహమా, కష్టపడటమా?

అందరికీ నమస్కారం. మా కాలనీ గ్రౌండ్‌లో హైస్కూల్ ఆడపిల్లలకు సాయంత్రాలు బాస్కెట్‌బాల్ నేర్పిస్తున్నాను. ఒక విషయంలో మీ సాయం కావాలి.

మొన్నటిదాకా మ్యాన్ టు మ్యాన్ (ఒక్కొక్కరు ఒక్కో ప్రత్యర్థిని కాచుకోవడం) ఆడించాను. పిల్లలు ప్రాణం పెట్టి ఆడతారు, కానీ మూడో క్వార్టర్‌కే కాళ్లు లాగేస్తాయి. అవతలివాళ్లు ఒక్క స్క్రీన్ పెడితే (మా పిల్ల దారికి అడ్డంగా నిలబడితే) చాలు, ఇద్దరు బాల్ వెంటే పరిగెత్తుతారు, బాస్కెట్ కింద ఒకమ్మాయి ఖాళీగా దొరుకుతుంది. అందుకని 2-3 జోన్‌కి (ముందు ఇద్దరు, వెనక ముగ్గురు, ఎవరి చోటును వాళ్లు కాచుకోవడం) మార్చాను. అలసట తగ్గింది, కానీ ఇప్పుడు ఎవరి చోట వాళ్లు నిలబడి చూస్తున్నారు. రీబౌండ్‌కి (బాస్కెట్‌లో పడకుండా తిరిగొచ్చే బాల్‌కి) ఒక్కరూ బాక్స్ అవుట్ చేయడం, అంటే ప్రత్యర్థిని వీపుతో అడ్డుకోవడం లేదు.

2019 ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) ఫైనల్స్ రెండో మ్యాచ్‌లో టొరంటో రాప్టర్స్ చివర్లో వారియర్స్ ఆటగాడు స్టెఫెన్ కర్రీ మీద బాక్స్ అండ్ వన్ (నలుగురు జోన్‌లో, ఒకరు అతని వెంటే) వేసింది. నాలుగో క్వార్టర్‌లో అతనికి ఒక్క పాయింటూ రాలేదు. (మ్యాచ్ మాత్రం వారియర్సే గెలిచింది.) ప్లాన్ మంచిదే, కానీ కర్రీని వదలకుండా తిరిగిన రాప్టర్స్ ఆటగాడు ఫ్రెడ్ వాన్‌వ్లీట్ ఓపిక లేకపోతే అది నిలిచేదా? అలాగని, ఎటు పరిగెత్తాలో తెలియని పిల్లను ‘ఇంకా గట్టిగా పరిగెత్తు’ అని అరవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

పిల్లలకు కోచింగ్ ఇచ్చినవాళ్లు దయచేసి చెప్పండి. మళ్లీ మ్యాన్ టు మ్యాన్‌కి వెళ్లి హెల్ప్ సైడ్ రొటేషన్ (బాల్‌కి దూరంగా ఉన్నవాళ్లు సాయానికి జరగడం) నేర్పాలా? లేక జోన్‌లోనే కదలిక తెప్పించే డ్రిల్స్ ఉన్నాయా? షెల్ డ్రిల్ (బాల్ ఎటు పోతే అటు డిఫెన్స్ చోట్లు మార్చుకునే సాధన) ఒక్కటే నాకు తెలుసు. ఉన్నది తొమ్మిది మంది, రోజుకు గంట సమయం.