నెల్లూరు ఎండల్లో ఆటో స్టార్ట్-స్టాప్: ఆన్‌లో ఉంచాలా, ఆపెయ్యాలా?
(ముగ్గురు కారు ఓనర్ల మాటలు, ఎవరివి వాళ్ల ఊరి పేరు కింద)

వేదాయపాళెం
వీఆర్సీ సెంటర్లో ఆగి, న్యూట్రల్ చేసి క్లచ్ వదిలితే చాలు, ఇంజిన్ దానంతటదే ఆగిపోతుంది, క్లచ్ తొక్కితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. ఆగినప్పుడు బ్లోయర్ తిరుగుతుంది కానీ కాసేపటికే వేడిగాలి. "ఏసీ చెడిపోయిందా నాయనా" అంటుంది వెనక సీట్లో మా అమ్మ. అందుకే బండెక్కగానే బటన్ నొక్కి ఆపేస్తున్నా. రోజుకు ఇన్నిసార్లు స్టార్ట్ అయితే స్టార్టర్ మోటారు ఎన్నాళ్లుంటుంది?

కావలి
ఆపెయ్యొద్దన్నా. చాలా బండ్లలో ఏసీ కంప్రెసర్‌ను తిప్పేది ఇంజిన్ బెల్టే, అందుకే ఆ వేడిగాలి. లోపల మరీ ఉక్కపోస్తే కంప్యూటరే ఇంజిన్‌ను మళ్లీ లేపుతుంది. బ్యాటరీలో చార్జింగ్ తగ్గినా, ఇంజిన్ ఇంకా వేడెక్కకపోయినా అసలు ఆగనే ఆగదు. స్టార్టర్ కూడా ఇన్నిసార్లు తిరగడానికే గట్టిగా చేసింది. 2015లో మారుతి సియాజ్ డీజిల్‌కు తెచ్చిన ఎస్‌హెచ్‌వీఎస్ అనే హైబ్రిడ్ సిస్టమ్‌లో అయితే బెల్టుకున్న జనరేటరే ఇంజిన్‌ను తిప్పి లేపుతుంది.

రైల్వే గేటు పడితే పది నిమిషాలు. చిన్న పెట్రోల్ ఇంజిన్ ఊరికే తిరిగినా గంటకు అర లీటరు పైనే తాగుతుంది. డబ్బు సంగతి అలా ఉంచండి, పక్క ఆటోలో బడిపిల్లలు ఆ పొగంతా పీలుస్తున్నారు. నాకు అదే బాధ.

ఒంగోలు
గేటు దగ్గర సరే, నేనూ ఒప్పుకుంటా. ఐదు సెకన్లు ఆగి కదిలే ట్రాఫిక్‌లో మాత్రం మిగిలేదేమీ లేదు, చిరాకు తప్ప. అసలు చూడాల్సింది బ్యాటరీ. నా బండిది పోతే ఒక షాపులో "అన్నీ ఒకటే సార్" అని మామూలుది వేశారు. ఏడాది తిరగలేదు. రోహిణి కార్తెలో, మధ్యాహ్నం, సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజిన్ మళ్లీ లేవలేదు. వెనక లారీ హారన్, లోపల చంటిబిడ్డ ఏడుపు. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

మెకానిక్ బానెట్ ఎత్తి, నెగటివ్ టెర్మినల్ మీద అగ్గిపెట్టెంత సెన్సర్ చూపించాడు. ఎంత చార్జింగ్ ఉందో అదే కనిపెడుతుందట. ఈ బండ్లకు మాటిమాటికీ స్టార్ట్ అవడాన్ని తట్టుకునే ఈఎఫ్‌బీ రకం గానీ ఏజీఎం రకం గానీ బ్యాటరీ ఉండాలి, కంపెనీ ఏది ఇస్తే అదే వెయ్యాలి. ధర ఎక్కువే. కొన్ని కార్లలో కొత్త బ్యాటరీ వేశాక స్కానర్ పెట్టి ఆ సంగతి కంప్యూటర్‌కు చెప్పాలి కూడా.

కావలి
అది షాపువాళ్ల తప్పు, సిస్టమ్‌ది కాదు కదా?

ఒంగోలు
నడిరోడ్డు మీద నిలబడింది నేను అన్నా.

వేదాయపాళెం
ఇప్పుడే కిందికెళ్లి చూశా. మొన్న సంక్రాంతికి మార్చిన బ్యాటరీ, లేబుల్ మీద ఈఎఫ్‌బీ లేదు, ఏజీఎం లేదు. రేపు పొద్దున్నే బిల్లు తీసుకుని షాపుకు పోతున్నా. అప్పటిదాకా బటన్ ఆఫ్‌లోనే.