లినక్స్‌లో అసెంబ్లీ: మొదటి ప్రోగ్రాము దగ్గరే ఆగిపోయాను

కొత్తబిట్:
32 బిట్ల కాలం నాటి పాఠం ఒకటి చూసి, తెర మీద ‘నమస్తే’ అని చూపించే ప్రోగ్రామును రాశాను. నా యంత్రంలో ఉన్నది 64 బిట్ల ఉబుంటు కనుక కెర్నెల్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగాన్ని) పిలిచే పాత ఆదేశం ‘ఇంట్ 0ఎక్స్80’ ఉన్నచోట కొత్తదైన ‘సిస్‌కాల్’ అని మార్చి, తక్కినదంతా అలాగే ఉంచాను. కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే నాస్మ్ గానీ, దాన్ని నడిపే ఫైలుగా కట్టే ఎల్‌డీ గానీ తప్పేమీ చూపలేదు. నడిపితే మాత్రం ఒక్క అక్షరమైనా రాకుండానే ‘సెగ్మెంటేషన్ ఫాల్ట్’ (తాకకూడని మెమరీని తాకిందనే తప్పు) వస్తోంది.

రిజిస్టర్ రాజు:
ఇదే గోతిలో పడి నేనూ రెండు రాత్రులు పోగొట్టుకున్నాను. ఆదేశంతో పాటు, ఏ పని కావాలో కెర్నెల్‌కు చెప్పే అంకెలూ, విలువలు పెట్టే రిజిస్టర్లూ (ప్రాసెసర్‌లోని చిన్న గళ్లు) కూడా మారాయండీ. పాత పద్ధతిలో రాసే పని రైట్‌కు 4, ప్రోగ్రామును ముగించే ఎగ్జిట్‌కు 1 కాగా, ఇప్పుడు రైట్‌కు 1, ఎగ్జిట్‌కు 60. మీరిచ్చిన 4ను కెర్నెల్ ఫైలు వివరాలడిగే ‘స్టాట్’గా తీసుకుంది, ఎగ్జిట్ అనుకుని ఇచ్చిన 1 కాస్తా రైట్ అయింది, ఆగమని చెప్పేవారే లేకపోవడంతో ప్రాసెసర్ మీ కోడ్ చివర దాటిపోయి కూలింది. అంకెను ఆర్‌ఏఎక్స్‌లోనూ, ఎక్కడికి రాయాలో చెప్పే ఫైలు సంఖ్య, సందేశం చిరునామా, పొడవులను వరుసగా ఆర్‌డీఐ, ఆర్‌ఎస్‌ఐ, ఆర్‌డీఎక్స్‌లలోనూ పెట్టండి. ‘ఎస్‌ట్రేస్’ కింద నడిపితే కెర్నెల్‌ను మీరు నిజంగా ఏమడిగారో కనిపిస్తుంది.

కొత్తబిట్:
సరిచేశాను, ధన్యవాదాలు. ఇప్పుడు ‘నమ’ అని వచ్చి, పక్కన ప్రశ్నార్థకం లాంటి గుర్తేదో పడుతోంది. గుణింతపు గుర్తులనూ పొల్లునూ కలిపి ఆరు, కొత్త వరుసకు ఒకటి, మొత్తం పొడవు 7 అనే ఇచ్చాను.

ఓనమాలు64:
అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు. ఆరింటికి 18, కొత్త వరుసకు 1, వెరసి 19. మీ 7 బైట్లలో ‘న’, ‘మ’ పూర్తిగా ఇమిడి, ‘స’లో మొదటి బైటు మాత్రమే తెగి వచ్చింది. ఇంగ్లీషు సందేశాలతో నేర్చుకునేవారికి ఈ తిప్పలు ఎదురు కావు. పొడవును చేత్తో లెక్కపెట్టకుండా, సందేశం కిందనే, ప్రస్తుత స్థానాన్ని సూచించే డాలరు గుర్తులోంచి సందేశం మొదలయ్యే చోటి లేబుల్‌ను తీసివేసి, పేరుకు విలువనిచ్చే ‘ఈక్యూయూ’తో రాస్తే నాస్మే లెక్కగడుతుంది.

కొత్తబిట్:
పూర్తిగా వచ్చింది! అయితే పదిసార్లు రావాలని, ‘లూప్’ ఆదేశం లెక్క చూసుకునే ఆర్‌సీఎక్స్‌లో 10 ఉంచి ఆ ఆదేశం పెడితే నమస్కారాలు ఆగడమే లేదు.

రిజిస్టర్ రాజు:
తిరిగి రావలసిన చిరునామాను సిస్‌కాల్ ఆర్‌సీఎక్స్‌లోనే దాచుకుంటుంది కాబట్టి మీ 10 మొదటి చుట్టులోనే చెరిగిపోయింది. ఆర్11 రిజిస్టరు గతీ అంతే. లెక్కను ఆర్‌బీఎక్స్‌లో ఉంచి, ‘డెక్’తో ఒక్కొక్కటి తగ్గిస్తూ, అది సున్నా కానంతవరకు ‘జేఎన్‌జెడ్’తో వెనక్కి దూకించండి.